గుండె అదరాలా, మాట తెలియాలా?

ఆఫీసులో కొత్తగా ఇల్లు సర్దుకున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇరవై వేలలోపు మంచి స్పీకర్లు చెప్పు. పాటలూ వినాలి, సినిమాలూ చూడాలి." ఇంజనీరింగ్ చదివాను కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఒక మోడల్ నంబరు చెప్పేస్తే నిమిషంలో అయిపోయే పనే. కానీ నేను "మంచి" అన్న మాట దగ్గర ఆగిపోతాను. దేనికి మంచి? ఎవరి పాటకి మంచి? మాది విజయనగరం. మా ఊరి వైపు నుంచి చూస్తే ఈ ప్రశ్నకి వందేళ్ల పైబడిన చరిత్ర ఉంది. అది తెలిస్తే ఏం కొనాలో దానంతట అదే తేలుతుందని నా ఉద్దేశం.

1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాల మొదలైంది. ఆస్థానంలో పనిచేసే ఒకాయన కొడుకు అంధుడు, ఆ కుర్రాడి సంగీతం కోసమే గజపతులు కాలేజీ పెట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. కాలికి గజ్జె కట్టి, చేత తాళం పట్టి, మైకన్నది లేని రోజుల్లో నిండు సభకి హరికథ వినిపించిన మనిషి. అదే ఏడాది ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వయొలిన్ విని ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారు. ఆయనకీ చూపు తక్కువే. 1936లో ప్రిన్సిపాల్ అయ్యాడు. ఘంటసాల వారాలు చేసుకుంటూ చదివింది ఇక్కడే, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర. పి. సుశీల పుట్టిందీ, సంగీతం నేర్చుకున్నదీ ఈ ఊళ్లోనే. పక్కనే సాలూరు ప్రాంతం నుంచి వచ్చిన రాజేశ్వరరావు చిన్నపిల్లాడిగా ఉండగానే 1930లలో గ్రామఫోన్ రికార్డులిచ్చాడు.

ఈ పేర్లన్నీ మనకి గర్వంగా చెప్పుకోవడం అలవాటు. నేను వేరే సంగతి అడుగుతాను. వీళ్లని మన తాతలు దేనిలోంచి విన్నారు?

మొదట కొమ్ములోంచి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ లాంటివాళ్ల పాటలు రికార్డు చేసినప్పుడు కరెంటుకి అందులో పాత్రే లేదు. పాడేవాళ్లు ఒక కొమ్ములోకి పాడితే, ఆ గాలి వణుకే సూదిని కదిలించి మైనం మీద గీత గీసేది. అందులో పట్టే శబ్దం సుమారు 2,000 హెర్ట్జ్ దాటేది కాదు. 1925లో రెండు సంగతులు జరిగాయి. మైకుతో రికార్డు చేయడం వచ్చింది. అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు, అయస్కాంతం మధ్య తీగచుట్ట, దానికి అంటించిన కాగితపు కోను ఉండే లౌడ్‌స్పీకర్ని లోకానికి చూపించారు. ఈరోజు మీ ఫోన్లో, టీవీలో, గుడి మైకులో ఉన్నది ఇంచుమించు ఆ సూత్రమే. రికార్డులో పట్టే శబ్దం 5,000 హెర్ట్జ్ దాకా పెరిగింది. ద్వారం వారి 78 ఆర్‌పీఎం రికార్డులు ఈ విద్యుత్ కాలానివే. ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర. అరగంట సాగే రాగం ఆ మూడు నిమిషాల్లో ఒదగాలి.

తర్వాత రేడియో. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ 1948లో, విశాఖపట్నం 1963లో వచ్చాయి. అంటే ఉత్తరాంధ్ర గొంతు ఉత్తరాంధ్ర చెవికి చేరడానికి పాతికేళ్లు మద్రాసు, బెజవాడ తిరిగి రావాల్సొచ్చింది. మీడియం వేవ్‌లో వచ్చే శబ్దం కూడా 5,000 హెర్ట్జ్ లోపే. అందుకే పాత రేడియో ఒకే స్పీకరుతో, చెక్కపెట్టెతో అంత నిండుగా పలికేది. గొంతు ఉండే చోటే దాని బలమంతా ఉండేది.

ఇక ఈ "బుక్‌షెల్ఫ్" పెట్టె కథ. పుస్తకాల అరలో పట్టే స్పీకరన్నది 1954 దాకా ఒక వింత కోరిక. అప్పటి ఆంప్లిఫయర్లు నాలుగు, పది వాట్లు ఇస్తే గొప్ప. అంత తక్కువ కరెంటుతో హాలంతా వినపడాలంటే పెద్ద కొమ్ములు, బీరువాలంత పెట్టెలు కావాలి. టూరింగ్ టాకీసుల్లో తెర వెనక ఉండేవి అవే. లోతైన శబ్దం అలా పొడవైన అల. 40 హెర్ట్జ్ అల పొడవు సుమారు ఎనిమిదిన్నర మీటర్లు. అంత అలని పుట్టించడానికి చాలా గాలిని తోయాలి.

ఎడ్గార్ విల్చుర్ అనే అధ్యాపకుడు, ఆయన శిష్యుడు హెన్రీ క్లాస్ కలిసి ఏఆర్-1 అనే స్పీకరు చేశారు. వాళ్ల ఆలోచన ఇది: పెట్టెని గాలి చొరబడకుండా మూసేద్దాం, కోనుని వెనక్కి లాగే పని గట్టి స్ప్రింగుకి కాకుండా లోపల బిగిసిన గాలికే అప్పగిద్దాం. దాంతో చిన్న పెట్టెలోంచి అసలైన లోతు వచ్చింది. తర్వాత క్లాస్ భాగస్వామి అయిన హాఫ్‌మన్ పేరు మీద ఒక సూత్రం నిలిచిపోయింది. చిన్న పెట్టె, లోతైన శబ్దం, తక్కువ కరెంటుతో ఎక్కువ మోత. ఈ మూడింటిలో ఏ రెండైనా తీసుకోండి, మూడోది దొరకదు. తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చి వాట్లు చవకయ్యాయి కాబట్టి మనం మూడోదాన్ని వదిలేసుకోగలిగాం. మధ్యతరగతి గదిలోకి సంగీతం వచ్చింది ఈ బేరం వల్లే.

1970ల మొదట్లో బీబీసీవాళ్లు మరో పెట్టె చేశారు, ఎల్ఎస్3/5ఏ అని. అడుగు ఎత్తు. బయట కార్యక్రమాలు రికార్డు చేసే వ్యానులో పెట్టుకోవడానికి. లోతైన బేస్ దాన్నుంచి ఆశించలేదు. బీబీసీ ఇంజనీర్ల ప్రధాన పరీక్ష మనిషి గొంతు. ఎదురుగా మనిషి మాట్లాడితే ఎలా ఉందో, స్పీకర్లోంచి అలాగే రావాలి. గొంతు మనకి పుట్టుకతో తెలిసిన శబ్దం. తప్పుంటే చెవి వెంటనే పట్టేస్తుంది.

శ్రీకాకుళంలో నేను ఎరిగిన ఓ పాత రేడియో మెకానిక్కుకి బీబీసీ సంగతి తెలియకపోవచ్చు. స్పీకరు బాగుచేయమని ఎవరు తెచ్చినా ఒకటే అడిగేవాడు: "ఏటి బాబూ, గుండె అదరాలా, మాట తెలవాలా?" రెండూ కావాలంటే నవ్వేవాడు. "అలాగైతే డబ్బులు రెండింతలు అట్టుకురా." హాఫ్‌మన్ సూత్రానికి ఇంతకంటే మంచి అనువాదం నాకు దొరకలేదు.

మాట తెలియడం మా జిల్లాల్లో చిన్న సంగతి కాదు. గురజాడ "కన్యాశుల్కం" మొదట ఆడింది 1892లో, విజయనగరంలోనే. జనం మాట్లాడే మాటకి సాహిత్యంలో చోటుందని వాదించిన ఊరు ఇది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి అప్పటికి లిపి లేని సవర భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నాడు. క్వినైన్ వాడకంతో వినికిడి పోగొట్టుకున్నాడు. ఇతరుల మాట వినడానికి వెళ్లి చెవులే ఇచ్చేసిన మనిషి. అలాంటి చోట పుట్టి, "దుమ్ దుమ్" అనేదే మంచి స్పీకరని ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇక్కడ నా వాదనకి నేనే ఒక అడ్డం చెప్పాలి. మాట, గొంతు, వయొలిన్ మాత్రమే మా సంగీతమంటే అది కాలేజీ గోడల లోపలి చరిత్ర. గోడ బయట జముకు ఉంది. తోలు బిగించిన చిన్న కుండలాంటి వాయిద్యం, తోలు మధ్యనుంచి ఒక తీగ. తీగని లాగి మీటుతుంటే శబ్దం సాగుతుంది, జారుతుంది, ప్రశ్న అడిగినట్టు పైకి లేస్తుంది. జముకుల కథ చెప్పే కళాకారులకి మహారాజులు కాలేజీ పెట్టలేదు. సుబ్బారావు పాణిగ్రాహి ఆ రూపాన్నే శ్రీకాకుళ పోరాటంలోకి తీసుకెళ్లాడు. 1969లో ఆయన్ని చంపేశారు. ఆ కథలు నోటి నుంచి నోటికే వెళ్లాయి, లక్కరికార్డు ఎక్కలేదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు పాటలు నాబోటి వాళ్లకి చేరింది ఎక్కువగా క్యాసెట్ల వల్ల. ఫిలిప్స్ 1963లో తెచ్చిన ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బా, రికార్డు కంపెనీ గుమ్మం తొక్కక్కర్లేకుండా ఎవరైనా తమ పాట తామే అచ్చేసుకునే వీలు కల్పించింది.

కాబట్టి మా ప్రాంతానికి సరిపోయే స్పీకరు రెండు పరీక్షలు పాసవ్వాలి. ఒకటి, సుశీల తొలి రోజుల పాట. అవి మోనో రికార్డింగులు, రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది. జత సరిగ్గా కుదిరితే ఆ గొంతు రెండు పెట్టెల నడుమ, ఖాళీ గాలిలో, ఒక్క చోట నిలబడుతుంది. గొంతు పక్కకి జరిగినా, పరుచుకుపోయినా జతలో తేడా ఉంది, లేదా పెట్టిన చోట తేడా ఉంది. రెండు, డప్పూ జముకూ. డప్పు దెబ్బ పడి ఆగాలి. ఆగకుండా "బొమ్మ్" అని సాగితే ఆ బేస్ పాటది కాదు, పెట్టెది.

ఈ లెక్కన ఇరవై వేలు ఎలా ఖర్చుపెట్టాలి? ఆ ధరకి అయిదు చిన్న స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కలిపి హోమ్ థియేటర్ పేరుతో అమ్మే సెట్లు చాలా ఉంటాయి. ఒకే డబ్బుని ఆరు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకి ఏం మిగులుతుందో లెక్కేసుకోండి. చాలాసార్లు గుప్పెడంత పెట్టెల్లో మూడంగుళాల కోన్లుంటాయి. మగగొంతు కింది భాగాన్ని అవి మోయలేవు. ఆ పని దూరంగా మూలనున్న సబ్‌వూఫర్‌కి పోతుంది, పాడే మనిషి రెండు చోట్ల నుంచి పాడుతున్నట్టుంటుంది. దానికి బదులు అయిదంగుళాల వూఫర్ ఉన్న రెండే రెండు స్పీకర్లు కొనండి. ఆంప్లిఫయర్ లోపలే ఉన్న రకమైతే ఇంకొక పెట్టె ఖర్చు తప్పుతుంది. విడిగా కొంటే స్పీకరు సెన్సిటివిటీ చూడండి. మూడు డెసిబెల్లు తగ్గితే అదే మోతకి రెట్టింపు వాట్లు కావాలి.

సినిమా సంగతి. 1992 నుంచి థియేటర్లలో వచ్చిన 5.1 పద్ధతిలో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్లోంచి వస్తాయి. ఇంట్లో మధ్య స్పీకరు లేకపోతే మాటలు పోతాయని భయపడక్కర్లేదు. టీవీ సెట్టింగ్‌లో శబ్దాన్ని స్టీరియో లేదా పీసీఎం అని పెడితే ఆ మధ్య శబ్దం రెండు స్పీకర్లకీ సమానంగా పంచబడుతుంది. ఎదురుగా కూర్చుంటే మాట తెర మీంచే వచ్చినట్టుంటుంది. పేలుళ్లు కొంచెం పలచబడతాయి, నిజమే. తర్వాత డబ్బులున్నప్పుడు సబ్‌వూఫర్ ఒకటి చేర్చుకోవచ్చు. ముందు గుండె అదిరే సరుకు కొనుక్కుని, తర్వాత మాట చేర్చడం మాత్రం కుదరదు.

అన్నిటికంటే ఖరీదైన భాగం గది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పది, పన్నెండు అడుగుల గదిలో 47, 56 హెర్ట్జ్ దగ్గర గోడల మధ్య అలలు ఇరుక్కుని అక్కడే ఊగుతాయి. స్పీకరుని మూలకి నొక్కితే ఆ ఊపు మరీ ఎక్కువవుతుంది. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న ఫ్లాటులో చప్పట్లు కొట్టి చూడండి, తీగ మోగినట్టు తిరిగొస్తుంది. అమ్మ కుట్టిన బొంత ఒకటి ముందు నేల మీద పరిస్తే కొంత తగ్గుతుంది. పుస్తకాల అర స్పీకర్ల వెనక గోడకి ఉంటే ఎత్తుపల్లాల పుస్తకాలు శబ్దాన్ని చెదరగొడతాయి. తమాషా ఏమిటంటే బుక్‌షెల్ఫ్ స్పీకరుని బుక్‌షెల్ఫ్‌లో మాత్రం పెట్టకూడదు. స్టూలు మీద, చెవి ఎత్తులో, గోడకి ఒకటిన్నర అడుగు ఎడంగా, మీరూ అవీ కలిసి త్రిభుజం అయ్యేలా ఉంటే చాలు.

చివరగా ఒక్క సలహా. ఆ ఇరవై వేలలో రెండు మూడు వేలు పక్కన పెట్టండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పుట్టిన మనలో చాలామంది ఇళ్లలో అటక మీద క్యాసెట్ల పెట్టె ఒకటి ఉంటుంది. అందులో సినిమా పాటలే ఉండవు. ఊరి జాతరలో ఎవరో పట్టిన తప్పెటగుళ్లు ఉండొచ్చు, జముకుల కథ ఉండొచ్చు, మీ మామ్మ పాడిన పెళ్లిపాట ఉండొచ్చు. ద్వారం వారి వయొలిన్‌కి దాచేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఈ క్యాసెట్లకి మీరు తప్ప ఇంకెవరూ లేరు. ఉత్తరాంధ్ర తేమకి టేపు మీద బూజు పడుతుంది, టేప్‌రికార్డర్‌లో రబ్బరు బెల్టు జిగురైపోతుంది. బెల్టు మార్పించి, హెడ్డు తుడిచి, టేపుని ఒకసారి చివరిదాకా చుట్టి వెనక్కి చుట్టి, లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఒక గంట క్యాసెట్‌కి ఒక గంట పడుతుంది, అంతే. స్పీకర్లు వచ్చే దసరాకీ దొరుకుతాయి.