కోషియెన్ మట్టి

బేస్‌బాల్ అమెరికాలో పెరిగిన ఆటయే యైనను, బాల్యమున ఆడిన ఆటను ఆమరణాంతము గుండెలో దాచుకొనుటను జాతీయాచారముగా దిద్దినవారు జపానీయులు. 1872 ప్రాంతమున హొరేస్ విల్సన్ అను అమెరికను ఉపాధ్యాయుడు టోక్యోలో తన శిష్యులకు నేర్పిన ఈ క్రీడ, 1896లో అక్కడి ప్రథమోన్నత పాఠశాల కుర్రవాండ్రు యొకొహామాలోని తెల్లదొరల జట్టును 29-4 పరుగులతో చిత్తుచేసిన పిమ్మట, విద్యాలయముల సొత్తైపోయెను.

1915లో ఒసాకా నగరపు అసాహి పత్రిక పది పాఠశాలల జట్లను తొయొనాకా మైదానమున సమకూర్చి తొలి జాతీయ పోటీలు జరిపించెను. ఏటేట పోటెత్తు జనమునకు చోటు చాలక, హాన్షిన్ రైలు కంపెనీవారు ఎండిన నదీగర్భమొకదానిపై మహాక్రీడాంగణమును నిర్మించి 1924 ఆగస్టు 1వ తేదీన తెరచిరి. మన ప్రభవాదులవలెనే అరువదేండ్ల చక్రము వారికిని కలదు. ఆ చక్రమున అది తొలియేడు గనుక, ఆ సంవత్సరపు పేరిటనే అంగణమునకు కోషియెన్ అని నామకరణము చేసిరి.

ఈ పోటీలలో ఒక్కమారు ఓడిన జట్టు ఇంటిదారి పట్టవలసినదే. నేడు దేశమందలి మూడువేలకు పైబడిన పాఠశాలలలో వేసవి ముగియునప్పటికి ఓటమి నెరుగక మిగులునది ఒక్కటియే. తక్కినవారిలో కోషియెన్ వరకు వచ్చి ఓడిన బాలురు, అందును ఆ యేటితో పాఠశాల చదువు ముగియువారు, ప్రతిపక్షమునకు వంగి నమస్కరించి, మోకాళ్ళపై కూలబడి, కన్నీరు కారుచుండ, అచటి నల్లమట్టిని దోసిళ్ళతో బూట్ల సంచులలోనికి ఎత్తుకొందురు. 1937లో తుదిపోటీలో ఓడి, అనంతరకాలమున సుప్రసిద్ధుడైన కవకామి తెత్సుహారు ఆ మట్టిని కొనిపోయి తన పాఠశాల మైదానమున చల్లుటతో ఈ ఆచారము మొదలయ్యెనని ఒక ప్రతీతి. విజేతల పతకములకన్న పరాజితుల ఈ పిడికెడు మన్నే ఆ పోటీల అసలు కీర్తియని నా నమ్మకము. ఎండలో వందలకొలది బంతులు విసిరించి లేతచేతులను చెరచుచున్నారను నింద లేకపోలేదు, అది న్యాయమైన నిందయే. వారమున ఒకడు 500 బంతులకు మించి విసరరాదను నియమము మొన్నమొన్నటిది.

యుద్ధకాలమున పోటీలు నిలిచిపోయెను. ప్రేక్షకుల తలలపైని ఇనుప కప్పును సైతము 1943లో యుద్ధావసరములకై ఊడదీసిరి. యుద్ధానంతరము ఒకినావా దీవులు అమెరికా ఏలుబడిలోనికి పోయెను. 1958లో, ఆ దీవులనుండి కోషియెన్‌లో అడుగిడిన మొట్టమొదటి జట్టైన షురి పాఠశాల, తన తొలి ఆటలోనే త్సురుగా జట్టు చేతిలో 0-3 పరుగులతో ఓడెను. బాలురు ఆనవాయితీ చొప్పున మట్టిని మూటగట్టుకొని ఓడలో నాహా రేవునకు చేరగా, పరదేశపు మట్టి లోనికి రాగూడదను సస్యరక్షణ నిబంధన ననుసరించి, అధికారులు దానిని సముద్రమున పారబోయించిరి. అమెరికా నేర్పిన ఆట నాడివచ్చిన పిల్లల జ్ఞాపకమును అమెరికా ఏలుబడియే రేవులో అడ్డగించుటను ఏమనవలెనో! ఈ వార్త వినిన జపాన్ ఎయిర్‌లైన్స్ పరిచారికలు, మట్టికి నిషేధము గాని రాళ్ళకు లేదు గదా యని, కోషియెన్ నుండి గులకరాళ్ళను సేకరించి షురి పాఠశాలకు పంపిరి. ఆ రాళ్ళను పొదిగిన స్మారకచిహ్నము నేటికిని ఆ పాఠశాలలో నున్నది.

ఒకినావా 1972లో జపాను పాలనకు తిరిగివచ్చెను. 2010లో అచటి కోనాన్ పాఠశాల జట్టు కోషియెన్‌లో వసంతకాలపు పోటీలను, వేసవి పోటీలను ఒకే యేట గెలుచుకొనెను.