ఎనభై లీటర్లు

2016 ఆగస్టు 9, మంగళవారం. రియో డి జనీరోలోని మరియా లెంక్ జలక్రీడా కేంద్రం. మహిళల పది మీటర్ల సింక్రనైజ్డ్ డైవింగ్ ఫైనల్. మూడంతస్తుల ఎత్తున, వేదిక అంచున నిలబడ్డ జంటలకు కింద కనిపిస్తున్నది పచ్చటి నీళ్లు. ముందురోజు అదే కొలను అద్దంలా నీలంగా ఉంది. పక్కనున్న వాటర్ పోలో కొలను ఇప్పటికీ నీలంగానే ఉంది. సోమవారం ఇక్కడే కాంస్యం గెలిచిన బ్రిటన్ డైవర్ టామ్ డేలీ, రెండు కొలనులూ పక్కపక్కనే కనిపించే ఫొటో పెట్టి, ఏమైందని లోకాన్నే అడిగాడు.

పోటీ మాత్రం ఆగలేదు. చైనా జంట చెన్ రూలిన్, లియు హుయిషియా ఆ పచ్చ నీళ్లలోకే దూకి స్వర్ణం పట్టుకెళ్లారు.

రియో అనగానే మనకు గుర్తొచ్చేది పి.వి. సింధు. సికింద్రాబాద్‌లోని రైల్వే సిగ్నల్ ఇంజినీరింగ్ శిక్షణ సంస్థ కోర్టుల్లో మెహబూబ్ అలీ దగ్గర రాకెట్ పట్టడం నేర్చుకున్న పిల్ల, ఆగస్టు 19న అక్కడ రజతం గెలిచింది. ఆ సంబరంలో పచ్చ కొలను సంగతి మనం మర్చిపోయాం. కానీ ఇంటి ఆవరణలో ఈతకొలను కట్టుకున్నవారు సికింద్రాబాద్‌లోనూ ఉన్నారు. ఆ కథ వాళ్లు తెలుసుకుని తీరాలి.

మంగళవారం రాత్రి నిర్వాహకులు ఆటగాళ్లకు ప్రమాదమేమీ లేదన్నారు. తర్వాత నీటి క్షార గుణం తగ్గిందన్నారు. బుధవారానికి వాటర్ పోలో కొలను కూడా రంగు మారింది. శుద్ధికి వాడే కొన్ని రసాయనాలు అయిపోయాయనీ, అందుకే పీహెచ్ గాడి తప్పిందనీ అంతర్జాతీయ ఈత సమాఖ్య ప్రకటించింది. క్లోరిన్ పెంచారు, కొందరు ఆటగాళ్లు కళ్లు మండుతున్నాయన్నారు. శుక్రవారం ఉదయం డైవర్ల సాధనకు కొలను మూసేశారు. రోజుకో కారణం వినిపించింది, నీళ్లు మాత్రం పచ్చగానే ఉన్నాయి.

శనివారం అసలు సంగతి బయటపడింది. ప్రారంభోత్సవం జరిగిన ఆగస్టు 5నే, నిర్వహణ కాంట్రాక్టరు మనుషులు నీళ్లలో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారని వేదికల అధికారి గుస్తావో నాసిమెంటో వెల్లడించారు. పెరాక్సైడ్ కూడా నీటిని శుభ్రం చేసేదే. క్లోరిన్ వాడని కొలనుల్లో దాన్ని వాడతారు కూడా. అయితే క్లోరిన్ ఉన్న నీళ్లలో పోస్తే రెండూ చర్య జరిపి, ఒకదాన్నొకటి ఖర్చు చేసేసుకుంటాయి. చివరికి మిగిలేది ఆక్సిజన్, నీళ్లు, కాస్త ఆమ్లం. కాపలా లేని నీళ్లు, పైకప్పు లేని కొలను, ఎండ. పాచికి ఇంకేం కావాలి? అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఒకటుంది. క్లోరిన్‌ను కొలిచే ఎలక్ట్రానిక్ పరికరం దారి తప్పింది, నీళ్లలో క్లోరిన్ ఉన్నట్టే చూపించింది. అంకె చూసినవాళ్లు నీళ్లు చూడలేదు.

ఆదివారం ఆ వాటర్ పోలో కొలనులోనే సింక్రనైజ్డ్ స్విమ్మింగ్ మొదలవ్వాలి. నీటి అడుగున ఒకరికొకరు కనిపించకపోతే ఆ పోటీయే లేదు. మందులతో బాగుచేసే వ్యవధి లేదు. దాంతో రాత్రికి రాత్రి ఆ కొలను నీళ్లు తోడేసి, సాధన కొలను నుంచి 37 లక్షల లీటర్లకు పైగా మంచి నీళ్లు మళ్లించారు. మన బన్సీలాల్‌పేట మెట్లబావిలో పట్టేది 22 లక్షల లీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లకు పైగా నీళ్లన్నమాట. పోటీ సమయానికే మొదలైంది.

ఒలింపిక్ సంఘం అలా చేయగలదు. సైనిక్‌పురిలోనో, మారేడ్‌పల్లిలోనో ఇంటి కొలను పచ్చబడితే ట్యాంకర్లు పిలిచి మొత్తం మార్చడం దండగ, పైగా నీటికి అన్యాయం. ఆ నీళ్లనే బాగుచేయవచ్చు.

మన దగ్గర ఇది ఎక్కువగా వానాకాలపు గొడవ. వాన కొలనులోకి దుమ్మూ ఆకులూ తెస్తుంది, ఉన్న మందును పలచన చేస్తుంది. కరెంటు పోయి పంపు ఆగుతుంది. తెరిపిచ్చిన రోజు ఎండ మిగతా పని చేస్తుంది. సయన్యూరిక్ యాసిడ్ రక్షణ లేని క్లోరిన్‌ను మండుటెండ కొన్ని గంటల్లోనే హరించేస్తుంది. అలాగని అది మితిమీరితే క్లోరిన్ మందగిస్తుంది. ఆ యాసిడ్ కలిసిన క్లోరిన్ బిళ్లలు వేసి వదిలేసే ఇళ్లలో జరిగేది ఇదే.

ముందు గాజు గ్లాసులో నీళ్లు పట్టి చూడాలి. మసకగా ఉంటే పాచి. తేటగా ఉండి ఆకుపచ్చ ఛాయ కొడుతుంటే రాగి కావచ్చు. కొన్ని పాచి మందుల్లోనూ రాగి ఉంటుంది. ఇనుమున్న బోరు నీళ్లకు క్లోరిన్ కలిపినా రంగు తిరుగుతుంది. లోహం వల్ల వచ్చిన రంగుకు క్లోరిన్ గుప్పించడం డబ్బు నీళ్లలో పోయడమే.

పాచి అని తేలితే యాసిడ్‌తో పీహెచ్ 7.2కు దించాలి. అక్కడ క్లోరిన్‌లో మూడింట రెండొంతులు చురుగ్గా పనిచేస్తుంది, 8 దగ్గర ఐదో వంతే. గోడలు, మెట్లు, మూలలు బ్రష్‌తో గట్టిగా రుద్దాలి. పొద్దుగూకాక క్లోరిన్ వేయాలి. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతున్న కొలనులో దాదాపు 25 వేల లీటర్లు పడతాయి. లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ అందాలంటే 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ సుమారు 385 గ్రాములు కావాలి. దాన్ని బకెట్ నీళ్లలో వేసి కలపాలి, మందు మీద నీళ్లు పోయకూడదు. యాసిడ్‌కు, ఈ క్లోరిన్ మందుకు ఒకే మగ్గు వాడొద్దు. రెండూ కలిస్తే వచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది. తర్వాత పంపు రాత్రింబవళ్లు తిరగాలి, ఇసుక ఫిల్టర్‌లోకి నీళ్లు ఎదురు పంపి కడుగుతూ ఉండాలి. పచ్చదనం పోయి నీళ్లు బూడిదరంగులోకి తిరిగాయంటే పాచి చచ్చినట్టు. ఆ మడ్డిని పటికతో అడుక్కి దించి, వాక్యూమ్‌తో లాగి బయటికే వదలాలి. క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్యకు వచ్చి, కొలను అడుగు స్పష్టంగా కనిపించేదాకా పిల్లల్ని దించొద్దు.

ఇదంతా అందం కోసమే అనుకునేవారికి ఇదే ఊరి చరిత్ర ఒకటుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ దండు ప్రాంతంలోని బేగంపేటలో, సూక్ష్మదర్శిని కింద కోసిపెట్టిన దోమ కడుపులో మలేరియా క్రిమి ఆనవాళ్లను రొనాల్డ్ రాస్ గుర్తించారు. లార్వాల నుంచి పెంచిన దోమలతో, కాటుకు అణా చొప్పున ఇచ్చి రోగిని కుట్టించి చేసిన పరిశోధన అది. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. క్లోరిన్ లేని, కదలని కొలను దోమలకు పురిటిల్లు. ఒక ఇంటి నిర్లక్ష్యానికి వీధంతా జ్వరాన పడుతుంది.

కొలను ఉన్నవారికి నా విన్నపం ఒకటే. ఏ డబ్బా మూత తీసినా ముందు నీళ్లు పరీక్షించండి, ఆ డబ్బాలో ఏముందో చదవండి. వానాకాలంలో ఊరెళ్లాల్సి వస్తే పంపు ఆపేసి వెళ్లకండి. టెస్ట్ కిట్ ఎలా వాడాలో ఇల్లు చూసుకునేవారికి దగ్గరుండి చూపించి వెళ్లండి.