సికింద్రాబాద్ రమ్మీ, మన భవన నిధి

భవన నిధిలో కొంత క్యాసినో కంపెనీ షేర్లలో పెడదామని మన కుర్రవాళ్లు అంటున్నారు. "కోర్టే ఒప్పుకుంది కదన్నా" అని వాళ్ల వాదన. నిజమే. కానీ ఏం ఒప్పుకుందో చూద్దాం.

సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన పేకాట కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. రమ్మీ మూడుముక్కలాట లాంటిది కాదనీ, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి గనుక అందులో నైపుణ్యమే ప్రధానమనీ 1967 నవంబరులో తీర్పొచ్చింది. మన గిండీ గుర్రప్పందేలకూ 1996లో ఇదే వాదం అక్కరకొచ్చింది. అయితే ఆ సికింద్రాబాద్ తీర్పులోనే ఇంకో మాట ఉంది: ఆట మీద క్లబ్బు లాభం తీస్తే నేరం కావచ్చని. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు బతికింది ఆ లాభం మీదే! ఈ మాట ఎవరూ ఎత్తరు.

గోవా క్యాసినోల డెల్టా కార్ప్ ఒకప్పుడు ఆన్‌లైన్ పేకాటా నడిపింది. పందెం సొమ్ము మొత్తం మీద 28 శాతం పన్ను వెయ్యాలని 2023 జూలై 11న జీఎస్టీ కౌన్సిల్ తేల్చగానే, మర్నాడు దాని షేరు ఐదో వంతుకు పైగా పడింది. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధించింది.

ఆదివారం సమావేశంలో నా ఓటు వద్దనే. కుర్రవాళ్ల జవాబు వినడానికి మాత్రం ముందుగానే వస్తాను.