వాటం ఎటు?

పేపర్లో 'సిబ్బంది చేతివాటం' అని శీర్షిక కనిపిస్తే ఎవరో డబ్బులు నొక్కేశారని చదవకుండానే అర్థమైపోతుంది. అదే పేపరు ఆటల పేజీలో 'ఎడమచేతివాటం బ్యాటర్' అని ఉంటే ఆయన్ని ఎవరూ అనుమానించరు. బస్తాను వాటంగా పట్టుకొమ్మంటాం. అవతలివాడి గెలుపు గాలివాటం అంటాం. వాటం చూసి మాట కలిపాడంటే సందు కనిపెట్టాడని. వాలు అనే అర్థమూ ఉంది. నీళ్లు పారడానికి ఇచ్చే వాలును తమిళులు 'వాట్టం' అంటారు. తోట, ఆవరణ అనే అర్థంలో సంస్కృతం నుంచి వచ్చిన వాటం వేరే ఉంది, వాటిక దాని చుట్టమే. దానితో ఇక్కడ పని లేదు.

ఈ వాడుకలన్నీ ఒకచోట కలుస్తాయి. కత్తిపీట వాటంగా ఉందంటే ఎవరి చేతికి అని అడగొచ్చు, గాలివాటం అంటే గాలి ఎటునుంచి అని అడగొచ్చు. మనిషినీ దిక్కునీ వదిలేస్తే వాటం అనే మాటకు అర్థమే మిగలదు.

'యూజర్ ఫ్రెండ్లీ'కి తెలుగు వెతుకుతూ ఈ మాట దగ్గర ఆగాను. 'వినియోగదారు స్నేహపూర్వక' అంటున్నారు. చదివితే సహకార సంఘం తీర్మానంలా ఉంటుంది. ఇంటర్‌ఫేస్‌ను 'అంతర్ముఖం' చేసినవాళ్లున్నారు. ఎవరితోనూ కలవని మనిషిని అంతర్ముఖుడంటాం కదా, మనిషికీ యంత్రానికీ మధ్య మాట కలిపేదానికి ఆ పేరా? మాట వాడేవాడికి అందాలన్న పట్టు మనకు పాతదే. జనగామ జిల్లా పాలకుర్తి పాల్కురికి సోమనాథుడి ఊరు. బసవపురాణాన్ని ద్విపదలో రాసి, బరువైన గద్యపద్యాల కంటే జానుతెనుగు మేలన్నవాడాయన. 'జాను' అంటే ఏమిటో పండితులు ఇప్పటికీ తేల్చలేదు కానీ, ఆయన ఎవరి నోటికి అందాలని రాశాడో మాత్రం ఎవరికీ సందేహం లేదు.

స్నేహం అన్న మాటతో నా పేచీ వేరే ఉంది. మెదడు స్కాన్లు చూపించే సాఫ్ట్‌వేర్ స్నేహంగా ఉంటే చాలదు. ఎందుకో ఒక ఉదాహరణ చూద్దాం.

 మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఆ జిల్లాల్లోని చిట్యాల నుంచో గూడూరు నుంచో ఒక పెద్దాయనకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయి వరంగల్ తీసుకొచ్చారనుకుందాం. పక్షవాతం, ఆ పేరులోనే ఒక పక్క ఉంది. ఎంఆర్ఐ తెర మీద తెల్లటి మచ్చ ఎడమ పక్కన కనిపిస్తుంది. కొడుకు తల ఊపుతాడు: ఎడమ చెయ్యి పడిపోయింది, మచ్చా ఎడమనే ఉన్నది, లెక్క సరిపోయింది. కొత్తగా చేరిన డాక్టరమ్మ కుడి మెదడు దెబ్బతిన్నదంటుంది.

"గదేంది మేడం, ఎడమ పక్కనే కనబడుతున్నది గదా?"

"అది నీకు ఎడమ, నాయినకు కుడి. ఆయన కాళ్ల దిక్కు నిలబడి చూస్తున్నవనుకో."

ఇందులో రెండు తారుమార్లున్నాయి. కుడి మెదడు ఎడమ దేహాన్ని నడిపిస్తుంది, అది మొదటిది. రోగి కుడిని తెర ఎడమ పక్కన చూపించడం రెండోది; రేడియాలజీ ఆచారం ఇది. రెండు తారుమార్లు కలిసి కొడుకు లెక్కను పైకి సరిగ్గా చూపించాయి.

పరిశోధకుల్లో చాలామందికి ఇంకో ఆచారం ఉంది. దాన్ని న్యూరలాజికల్ అంటారు: కుడి కుడికే, ఎడమ ఎడమకే. ఈ తేడాను మన అరకకన్నా బాగా చెప్పేది నాకు తోచలేదు. నాగలి పట్టినవాడు ఎడ్ల వెనక నిలబడతాడు కాబట్టి దాపటెద్దు అతనికీ ఎడమే, వలపటెద్దు అతనికీ కుడే. చెలక గట్టు మీద ఎదురొచ్చేవాడికి అవి తారుమారవుతాయి. పరిశోధకుడు దున్నేవాడు, రేడియాలజిస్టు ఎదురొచ్చేవాడు. అయినా ఆ ఎదురొచ్చేవాడు కూడా దాపటెద్దును దాపటెద్దనే అంటాడు చూడండి. దాపట, వలపట అన్న పేర్లు చూసేవాడి చేతిని బట్టి మారవు, ఎద్దుకు అంటిపెట్టుకుని ఉంటాయి. పాత పద్యాల డాకేలు, వలకేలు కూడా ఈ కుదురువే; వలకేలులోని 'వల' తమిళంలో 'వలం'గా ఇంకా బతికే ఉంది.

మెదడు బొమ్మల ఫైళ్లకు ఈ జ్ఞానం ఆలస్యంగా వచ్చింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో పుట్టిన అనలైజ్ పద్ధతిలో బొమ్మ ఒక ఫైలు, దాని వివరం 348 బైట్లలో మరో ఫైలు. ఎన్ని గడులు, ఒక్కో గడి ఎంత మందం అన్నీ అందులో ఉంటాయి. కుడి ఎటు అన్నది మాత్రం నమ్మకంగా తెలిసేది కాదు. కార్ల్ ఫ్రిస్టన్ బృందం లండన్‌లో తయారుచేసిన ఎస్‌పీఎం అనే సాఫ్ట్‌వేర్‌లో, దాని 2వ కూర్పు నాటికి, ఈ ఫైళ్లను తిప్పి చదవాలా వద్దా అన్నది సెట్టింగుల్లో 'ఫ్లిప్' అనే ఒక్క అంకె మీద ఆధారపడేది. ఒక ల్యాబులో 1, పక్క ల్యాబులో 0 ఉంటే ఒకే మనిషి మెదడు రెండు చోట్ల రెండు పక్కలకు తిరిగేది. ఛాతీ ఎక్స్‌రే తిరగబడితే గుండె పట్టిస్తుంది. మెదడు రెండు సగాలూ చూపుకు ఒకేలా ఉంటాయి కాబట్టి తప్పు జరిగినా తెర నున్నగా, అందంగా, స్నేహంగానే ఉంటుంది.

అందుకే స్కానుకు ముందు కొందరు పరిశోధకులు వాలంటీరు కుడి కణతకు విటమిన్ ఇ గోలీని టేపుతో అంటిస్తారు. లోపలి నూనె ఎంఆర్ఐలో తెల్లగా మెరుస్తుంది. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ ఎటు తిప్పినా గోలీ ఉన్నది కుడి. అన్ని కోట్ల యంత్రానికి మందుల షాపు గోలీ ఒకటి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. 2000 దశకం మొదట్లో వచ్చిన నిఫ్టీ పద్ధతి అదే 348 బైట్ల వివరంలో దిక్కులకు చోటిచ్చింది: లెక్క మనిషి కుడికి, ముందుకు, పైకి పెరగాలని. (మన షేర్ల నిఫ్టీకీ దీనికీ సంబంధం లేదు.) ఆస్పత్రులు వాడే డైకామ్ పద్ధతి మాత్రం ఎడమకు, వెనక్కు, పైకి లెక్కపెడుతుంది. రెంటి మధ్యా మార్చేవాడు మొదటి రెండు గుర్తులూ తిప్పాలి.

ఇక తెర. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పాల్ యుష్కేవిచ్, నార్త్ కరోలినాలో గైడో గెరిగ్ మొదలైనవాళ్లు కలిసి తయారుచేసిన ఐటీకే-స్నాప్ అనే సాఫ్ట్‌వేర్ నాకు వాటంగా అనిపిస్తుంది. 2006లో దాని మీద వచ్చిన పరిశోధన పత్రం పేరులోనే వాడేవాడు దారి చూపుతాడన్న మాట ఉంది. మూడు కిటికీల్లో మెదడు మూడు కోతలుగా కనిపిస్తుంది. ఒకదాంట్లో గీతల కూడలిని కదిపితే మిగతా రెండూ అక్కడికే వస్తాయి. ప్రతి కిటికీ అంచునా ఆర్ (కుడి), ఎల్ (ఎడమ), ఏ (ముందు), పీ (వెనుక), ఎస్ (పైన), ఐ (కింద) అక్షరాల్లో దిక్కు రాసి ఉంటుంది. వాడేవాణ్ణి బుజ్జగించకుండా నువ్వు ఎటు నిలబడ్డావో చూసుకొమ్మని అడుగుతుందది. బటన్లు గుండ్రంగా ఉన్నాయా, రంగులు లేతగా ఉన్నాయా అన్న చర్చ ఆ తర్వాత చూసుకోవచ్చు.

పేపర్లో దొంగతనమయ్యే చేతివాటం, పరిశోధనలో అచ్చంగా చేతివాటమే. చాలామందిలో భాష ఎడమ మెదడులో ఉంటుంది. ఎడమచేతివాటం వాళ్లలో ఆ లెక్క తప్పడం ఎక్కువ. అందుకని భాష మీద జరిగే స్కాన్ అధ్యయనాల్లో వాళ్లను పక్కన పెట్టడం మామూలైపోయింది. వాటం తేల్చడానికి 1971లో ఓల్డ్‌ఫీల్డ్ ప్రచురించిన ఎడిన్‌బరా ప్రశ్నావళి వాడతారు. పది పనులు: రాయడం, బొమ్మ గీయడం, విసరడం, కత్తెర, పళ్ల బ్రష్షు, ఫోర్కు లేకుండా కత్తి, చెంచా, చీపురు, అగ్గిపుల్ల, పెట్టె మూత. అన్నం కలపడం లేదు! మన ఇళ్లలో పిల్లవాడి ఎడమ చేతి మీద మొట్టమొదట దెబ్బ పడేది కంచం దగ్గరే. రాయడానికీ తినడానికీ కుడికి మార్చేసిన మనిషి బంతి మాత్రం ఎడమతో విసురుతాడు. తెర మీద ఈ పది గడులే పెట్టి 'ముందుకు' నొక్కమంటే అతను కుడిచేతివాటం ఖాతాలోకి జారిపోవచ్చు. ఇలాంటి తెర గీసేవాడు ముందు ఒక పెళ్లి భోజనంలో పంక్తి చివరన నిలబడి చూడాలి.

అసలు ఎవరి మెదడును నమూనాగా పెట్టుకుంటాం అన్నదీ వాటమే. 1988 నాటి తలైరాక్ అట్లాస్‌కు ఆధారం అరవై ఏళ్ల ఒక స్త్రీ మెదడు. తర్వాత మాంట్రియల్‌లో 152 మంది స్కాన్ల సగటు వచ్చింది. మన దగ్గర హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ప్రొఫెసర్ జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి వంద మంది భారతీయుల స్కాన్లతో అట్లాస్ కట్టి 2019లో ప్రచురించింది. పాశ్చాత్య, చైనా నమూనాలతో పోలిస్తే ఎత్తు, వెడల్పు, పరిమాణం తక్కువగా తేలాయి. తెలివితో దీన్ని ముడిపెట్టి గొడవ పడనక్కర్లేదు. పరాయి కొలతకు కుట్టిన చొక్కా భుజాల దగ్గర వదులవుతుంది, అంతే సంగతి.

భూపాలపల్లిలోనో మహబూబాబాద్‌లోనో చదువుతున్న విద్యార్థి కోసం ఐటీకే-స్నాప్ లాంటి తెరను తెలుగులో గీస్తే అంచుల మీద ఏం రాయాలి? కుడి, ఎడమ, ముందు, వెనుక, పైన, కింద. కు, ఎ, ము, వె, పై, కిం. ఆరూ వేర్వేరు అక్షరాలే, ఒకదానికొకటి అడ్డం రావు. అయితే 'కిం'లో సున్న చిన్న తెర మీద చెరిగిపోతే 'కు'కూ దానికీ తేడా తెలిసేలా గుడి, కొమ్ము స్పష్టంగా ఉన్న ఫాంటు ఎంచుకోవాలి. ముందు దాన్ని సరిచూడాలి.