కోయ మాట సేకరణ చరిత్ర

మధిర మైదానంలో ఏరంటే పారే వాగు. ఈశాన్యంగా వెళ్లి గోదావరి ఒడ్డు కోయ గూడేల్లో వింటే అదే మాటకు అర్థం నీళ్లు. లోను అంటే ఇల్లు. కోయ భాష గోండికి చాలా దగ్గరిది, తెలుగుకు తోబుట్టువు; తెలుగు యాస కానేకాదు. 2011 జనాభా లెక్కల్లో 4 లక్షల పైచిలుకు మంది దీన్ని మాతృభాషగా చెప్పారు. ఖమ్మం వైపు సంతలోనూ బడిలోనూ నడిచేది తెలుగే కావడంతో చాలాచోట్ల కోయ ఇంటి మాటగా మిగిలింది.

దీన్ని మొదట కాగితం మీద పెట్టినవారిలో దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ ఒకడు. 1870లలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో రాశాడు. తర్వాత వచ్చిన గ్రియర్సన్ భాషా సర్వే పరిధిలో మద్రాసు రాజధాని లేదు, నైజాం రాజ్యమూ లేదు. అప్పటి భద్రాచలం మద్రాసుది, మధిర నైజాముది. అయినా 1906లో వెలువడిన నాలుగో సంపుటంలో స్టెన్ కోనో కోయను గోండి మాండలికంగా వివరించాడు. సర్వే తరఫున పలు భాషల్లో గ్రామఫోన్ రికార్డులు కూడా తీశారు. వాటిలో తరచుగా చెప్పించింది బైబిలులోని తప్పిపోయిన కుమారుడి కథ. భాషలను పోల్చడానికి అది పనికొచ్చింది గానీ చెప్పేవాడికి అది పరాయి కథ. సొంత కథ చెప్పేటప్పటి ఊపు అందులో రాదు.

స్టీఫెన్ టైలర్ గొమ్ము కోయ వ్యాకరణం 1969లో వచ్చింది. గొమ్ము అంటే ఏటి ఒడ్డు. 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఎనిమిది గిరిజన భాషల వాచకాలు ప్రవేశపెట్టారు. వాటిలో కోయ ఒకటి; రాసింది తెలుగు లిపిలో.

ఈ సేకరణలన్నిటికంటే పాతది డోలీల గొంతు. కోయ వంశాల కథలు, వేల్పుల కథలు చెప్పడం వీళ్ల వృత్తి. పడిగె అనే బొమ్మల గుడ్డ ముందు పెట్టుకుని పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కంచుమేళం కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ చెప్పేవాడు. 2022లో పద్మశ్రీ అందుకుని 2024లో కన్నుమూశాడు. ఇలాంటి పాటలో మాట వాద్యం దెబ్బను పట్టుకుని నడుస్తుంది. మాటలు మాత్రమే విని రాసుకుంటే ఆ నడక కాగితం మీదికి రాదు. అందుకే డోలీల దగ్గర చేయాల్సిన పని ఒక రాత్రి మొత్తం, మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా, ఆపకుండా రికార్డు చేయడం.