క్యాన్సరు వైద్యుని చేతి గ్రంథము

కాసిడీహ్‌లోను, దాని పరిసరములలోను కాపురముండు మన యాంధ్రులకు మెహర్‌బాయి పేరు క్రొత్తది కాదు. సర్ దొరాబ్జీ టాటాగారి సతీమణి యైన యామె 1931లో లుకేమియా యను రక్త క్యాన్సరుచే మరణించెను. మరుసటి యేడే యా వ్యాధిపై పరిశోధనకై ఆమె పేర ధర్మనిధి వెలసెను. 1975లో జంషెడ్‌పూరున ప్రారంభమైన క్యాన్సరు ఆసుపత్రియు నామె పేరనే యున్నది.

ఆమె మరణించిన పదునేడేండ్లకు లుకేమియా చికిత్సలో తొలి వెలుగు కానవచ్చెను. దానికి మూలపురుషులలో నొకరు భీమవరమున జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని లెడర్లీ సంస్థయందు వారును, వారి సహచరులును రూపొందించిన అమైనాప్టెరిన్ ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, దాని పనిని అడ్డగించును. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు దానిని 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి గుణము కనబడినదని 1948లో ప్రకటించెను. ఆ గుణము తాత్కాలికమే. అయినను మార్గము తెరచుకొన్నది. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి.

నేడు క్యాన్సరు మందులు వందలు. వాని కలయికలు, మోతాదులు, ఇచ్చు దినములు ఎవరికిని కంఠస్థములు కావు. అచ్చుపుస్తకము వెలువడు లోపలనే పాతబడును. అందుచే 1984లో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ వైద్యులకై పి.డి.క్యూ. యను కంప్యూటరు విజ్ఞాననిధిని నెలకొల్పెను. 2011లో పీటర్ యాంగ్, జెరెమీ వార్నర్ అను వైద్యులు ఇంటర్నెట్‌లో ‘హెమాంక్’ను ప్రారంభించిరి. ఇది వైద్యవృత్తివారు కలసి వ్రాసి, కలసి దిద్దుకొను గ్రంథము. ప్రతి చికిత్సావిధానమునకు మందు, మోతాదు, దినములు, ఆధారమైన పరిశోధన ఇందు సూచింపబడును.

అయినను విషయము సమగ్రముగ నున్నంతమాత్రమున గ్రంథము ఉపయుక్తమగునా? అమైనాప్టెరిన్‌కు సోదరి వంటి మెథోట్రెక్సేట్‌నే చూడుడు. కొన్ని క్యాన్సరులకు దానిని అధిక మోతాదున నెక్కించి, నియమిత కాలమున ఫోలినిక్ ఆమ్లమను విరుగుడు నీయవలయును. కీళ్ళవాతమునకు వారమున కొకమారు స్వల్పముగ నిచ్చిన చాలును. ఆ వారపు మాత్రనే దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. కావున మోతాదు ఏ పుటలో, ఏ మూల నున్నదనునది చిన్న సంగతి కాదు.

ఇట్టి సాధనముల సౌలభ్యము కొలుచుటకు 1986లో జాన్ బ్రూక్ పది ప్రశ్నల కొలమానము నొకటి కూర్చెను. 100కు గుణము లేర్పడును. కాని వాడువారి మెప్పు ఒక్కటియే చాలదు. వైద్యునికి ఒక రోగి వివరములిచ్చి, సరియైన మోతాదును వెదకుమని చెప్పి, పట్టిన కాలమును, దొరలిన తప్పులను లెక్కింపవలయును. ఆ పుటను ఎవరు, ఎప్పుడు దిద్దిరో తెలియవలయును. అన్నిటికంటె ముఖ్యముగ, అందు చెప్పిన మందు మన యూర దొరకునా, మన కుటుంబము భరింపగలదా యని చూడవలయును. 2012లో నేర్పడిన జాతీయ క్యాన్సరు గ్రిడ్ మన దేశ పరిస్థితుల కనువైన చికిత్సాసూత్రములను సమకూర్చుట ఇందులకే.

మందును కనుగొనుట మేధావుల తపఃఫలము. దానిని తప్పులేక రోగి కందించుట ప్రతిదినము జరుగవలసిన పని. నడిరేయి అలసిన వైద్యుడు తెరచినప్పుడు సరియైన సమాధానము వెంటనే చూపగల గ్రంథమే సుబ్బారావుగారి వంటివారి కృషిని సార్థకము చేయును.