అజాక్స్

అజాక్స్ అంటే వెబ్ పేజీ మొత్తాన్ని మళ్లీ లోడ్ చేయకుండా, కావలసిన డేటాను మాత్రమే సర్వర్ నుంచి తెప్పించి పేజీలో చూపే పద్ధతి. బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ ఈ పని చేస్తుంది. సెర్చ్ బాక్సులో రెండక్షరాలు కొట్టగానే కింద సూచనలు కనబడటం, మ్యాపును జరిపేకొద్దీ పక్క ప్రాంతం వచ్చి చేరడం దీని ఫలితాలే.

పూర్వరంగం

తొలినాళ్ల వెబ్‌లో ఒక్క అంకె మారాలన్నా బ్రౌజర్ పేజీనంతా మళ్లీ తెచ్చుకోవలసి వచ్చేది. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్ట్ ఫారాల్లో తప్పులు పట్టగలిగేది గానీ, సర్వర్‌ను నేరుగా డేటా అడిగే దారి దానికి లేదు. 1996లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3తో, పేజీలోనే మరో పేజీని చూపే ఐఫ్రేమ్ వచ్చాక, దాన్ని పేజీలో కనబడకుండా దాచి అందులోకి డేటా రప్పించడం డెవలపర్లకు అడ్డదారిగా ఉపయోగపడింది.

ఆవిర్భావం

ఈమెయిల్‌ను బ్రౌజర్‌లో చూపే ఔట్‌లుక్ వెబ్ యాక్సెస్ కోసం మైక్రోసాఫ్ట్ బృందం ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీ అనే సాధనాన్ని తయారుచేసింది. దీన్ని రాసింది అలెక్స్ హాప్‌మన్. ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీలో భాగంగా 1999 మార్చిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో పాటు ఇది బయటికొచ్చింది. ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ పేరుతో 2002లో మొజిల్లా 1.0, 2004లో సఫారీ, 2005లో ఒపెరా ఇదే సదుపాయాన్ని కల్పించాయి.

పనితీరు

స్క్రిప్టు ఓపెన్‌తో చిరునామా చెప్పి, సెండ్‌తో అభ్యర్థన పంపుతుంది. జవాబు వచ్చేలోగా పేజీ స్తంభించదు; వాడుకరి తన పని చేసుకోవచ్చు. రెడీస్టేట్ విలువ 4కు చేరితే అభ్యర్థన ముగిసినట్టు. స్టేటస్ 200 అయితే అది సఫలమైనట్టు. అప్పుడు వచ్చిన డేటాను స్క్రిప్టు పేజీలో తగినచోట ఉంచుతుంది.

ప్రాచుర్యం

2004 ఏప్రిల్ 1న జీమెయిల్, అదే ఏడాది డిసెంబరులో గూగుల్ సజెస్ట్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ ఈ పద్ధతి సత్తా చాటాయి. 2005 ఫిబ్రవరి 18న జెస్సీ జేమ్స్ గారెట్ ఒక వ్యాసంలో దీనికి అజాక్స్ అని పేరుపెట్టారు. మరుసటి ఏడాది వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ ప్రమాణానికి తొలి ముసాయిదా వెలువరించింది. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఒక తీరుగా, మిగతా బ్రౌజర్లకు మరో తీరుగా కోడ్ రాయాల్సిన బాధను 2006లో జాన్ రెసిగ్ విడుదల చేసిన జేక్వెరీ లైబ్రరీ తప్పించింది.

తరువాతి మార్పులు

డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రచారంలోకి తెచ్చిన జేసన్ అనే డేటా రూపం క్లుప్తంగా ఉండటం, జావాస్క్రిప్ట్‌కు సులువుగా ఒదగడం వల్ల అంతకుముందు డేటాకు వాడిన ఎక్స్‌ఎంఎల్ రూపం వెనకబడింది. ఒక సైటు స్క్రిప్టు మరో సైటు డేటాను చదవకుండా బ్రౌజర్లు భద్రత కోసం అడ్డుకుంటాయి. దీన్ని దాటడానికి స్క్రిప్ట్ ట్యాగు ద్వారా డేటా రప్పించే జేసన్‌పీ వాడుకలోకి వచ్చింది. అవతలి సైటు పంపే కోడ్‌ను గుడ్డిగా నడపాల్సి రావడం అందులోని ముప్పు. అనుమతి ఇచ్చే అధికారాన్ని డేటా ఉన్న సర్వర్‌కే అప్పగించిన కోర్స్ విధానం 2014లో డబ్ల్యూ3సీ సిఫారసు అయింది. 2015లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకు వచ్చిన ఫెచ్, సర్వర్ నుంచి డేటా తెప్పించే పనికి మరింత సరళమైన కోడ్‌ను అందించింది. పాత సైట్లు చెడకుండా బ్రౌజర్లు ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్‌నూ కొనసాగిస్తున్నాయి.